హెల్త్ అడ్మినిస్ట్రేషన్: ప్రొఫెసర్ జీతాన్ని ఆసుపత్రి జీతంతో పోల్చే ముందు నెలలు చూడండి

అమెరికాలో హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో పీహెచ్‌డీ చేసి, ఆసుపత్రి ఉద్యోగం వదులుకుని యూనివర్సిటీలో చేరితే ఎంత నష్టమని అడిగారు. ఆఫర్ లెటర్‌లో అంకె కంటే ముందు, ఆ జీతం ఎన్ని నెలలకో చూడండి. టెన్యూర్ ట్రాక్ (శాశ్వత ఉద్యోగానికి దారితీసే ప్రొఫెసర్) ఉద్యోగాలు చాలావరకు 9 నెలల కాంట్రాక్టులు. ఆసుపత్రిలో 12 నెలలూ పనే.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 90,000 డాలర్లు, ఆసుపత్రి మేనేజర్‌కి 1,20,000 అనుకుందాం. తేడా 30,000 అని అందరూ అక్కడే ఆగిపోతారు. పనిచేసిన నెలకు ఎంతో చూస్తే రెండూ 10,000 డాలర్లే! వేసవిలో పరిశోధన గ్రాంటు మీద రెండు నెలలు పనిచేస్తే మరో 20,000 వస్తాయి. గ్రాంటు లేకపోతే సమ్మర్ కోర్సు చెప్పుకోవాలి, దానికి కోర్సుకింత అని విడిగా రేటు ఉంటుంది. అది నెల జీతంతో సమానమని అనుకోవద్దు, ముందే అడగండి. కొన్నిచోట్ల 9 నెలల జీతాన్ని 12 నెలలకు సర్ది ఇస్తారు. పే స్లిప్‌లో 7,500 కనిపించినా, గ్రాంటు మీద పనిచేసే నెలకు 10,000 లెక్కనే ఇస్తారు.

ఆసుపత్రి వైపు బోనస్ ఉంది. 15 శాతం టార్గెట్ అంటే 18,000. అయితే ఆపరేటింగ్ మార్జిన్ (ఆసుపత్రి నడపగా మిగిలే లాభం శాతం), పేషెంట్ల సంతృప్తి స్కోర్లు లక్ష్యం తప్పితే అది కరిగిపోతుంది. గత మూడేళ్లలో నిజంగా ఎంత ఇచ్చారో అడగండి. జవాబు దాటవేస్తే సున్నా అని రాసుకోండి.

అమెరికా ప్రభుత్వ ఉద్యోగ గణాంకాల సంస్థ బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ ఇచ్చే అంకె ఒక్కటి పట్టుకుని తీర్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ. హెల్త్ సర్వీసెస్ మేనేజర్ల మధ్యస్థ వేతనం 2023 మేలో 1,10,680 డాలర్లు. ఆ గుంపులో నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లూ ఉన్నారు, పెద్ద ఆసుపత్రుల అధికారులూ ఉన్నారు. అటు హెల్త్ స్పెషాలిటీస్ టీచర్ల లెక్కలో వైద్యం, డెంటిస్ట్రీ, ఫార్మసీ బోధించేవాళ్లు కలిసిపోయారు. ఈ రెండు లెక్కలూ మీ ఉద్యోగం గురించి చెప్పేది తక్కువే.

చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీ జీతాలు పేర్లతో సహా బహిరంగంగా దొరుకుతాయి, అవి చూడండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఏటా ఇచ్చే ఫారం 990లోని షెడ్యూల్ జె అనే భాగంలో పెద్ద అధికారుల జీతం, బోనస్ విడివిడిగా ఉంటాయి. అసలు అగాధం కనిపించేది అక్కడే. మొదటి ఉద్యోగంలో తేడా కొద్దిదే, వైస్ ప్రెసిడెంట్ స్థాయికి చేరాక ప్రొఫెసర్ అందుకోలేడు. ఫ్యాకల్టీకి పెద్ద ప్రమోషన్లు అసోసియేట్, ఫుల్ ప్రొఫెసర్ అని రెండే.

మరో అన్యాయం: కొత్తగా వచ్చేవాళ్లకి మార్కెట్ రేటు ఇచ్చి, ఎనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లని పాత బేస్ (మూల జీతం) మీదే ఉంచుతారు. ఏటా పెంపు ఆ బేస్ మీద శాతమే కాబట్టి, చేరేటప్పుడు బేస్‌లో వదులుకున్న 5,000 లోటు ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా వెంటాడుతూనే ఉంటుంది. స్టార్టప్ ఫండ్ (కొత్త ప్రొఫెసర్‌కి పరిశోధన మొదలుపెట్టడానికి ఇచ్చే డబ్బు) గురించి మాట్లాడే ముందు బేస్ తేల్చుకోండి.