సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ వేయించొచ్చా?
కారు గేర్‌బాక్స్ పాడైంది, పాతది దొరికితే వేయించొచ్చా అంటే, మాన్యువల్ అయితే నిక్షేపంగా వేయించొచ్చు. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) కూడా లోపల మాన్యువలే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం యాక్చుయేటర్లనే పరికరాలు చూసుకుంటాయి. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, రెండు క్లచ్‌ల డీసీటీ, బెల్టు-పుల్లీల సీవీటీ వేరే కథ, గేర్‌బాక్స్ మార్చాక దాన్ని నడిపే కంప్యూటర్‌కి (కంట్రోల్ యూనిట్) ప్రోగ్రామింగ్ కూడా చేయించాల్సి రావచ్చు. పాత సీవీటీ జోలికి నేనైతే వెళ్లను.

మోడల్ ఒకటే కదా అని కొనేయకండి, ఇంజన్‌ని బట్టి గేర్ల రేషియోలు మారతాయి, అందుకే కేసింగ్ మీది కోడ్ మీ పాతదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కొనబోయేదాని డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ తీసే బిరడా) విప్పించండి: దాని అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు పల్చగా అంటితే మామూలే, లోహపు పెచ్చులు గానీ గేరు పళ్ల ముక్కలు గానీ కనిపిస్తే వదిలేయండి. ఆటోమేటిక్‌లో ఆయిల్ మాడువాసన వచ్చినా అంతే. ఎలాగూ దించుతున్నారు కాబట్టి ఆయిల్ సీళ్లు, మాన్యువల్ అయితే క్లచ్ ప్లేటు కూడా అప్పుడే మార్పించేయండి, లేబర్ రెండోసారి కట్టక్కర్లేదు.