పరీక్షల ముందు పది నిమిషాల మెలికల ముగ్గు

పరీక్షల ఒత్తిడి తగ్గాలని ధ్యానం చేయమంటే పదో తరగతి పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుతున్నారని, బొమ్మలు రానివాళ్లకూ పనికొచ్చేది ఏదైనా చెప్పమని ఒక టీచరు అడిగారు. మెలికల ముగ్గు, అంటే చుక్కల చుట్టూ గీతను మెలికలు తిప్పుతూ వేసే ముగ్గు, వేయించండి. తెల్లకాగితం, పెన్సిల్ చాలు. ప్రింటు తీసిన బొమ్మలకు రంగులు వేయించడం కన్నా ఇదే నయం. రంగులు నింపుతూ కూడా లెక్కల పేపరు గురించి బెంగపడొచ్చు. మెలిక తిప్పేటప్పుడు ధ్యాస పక్కకెళ్తే దారి తప్పుతుంది.

చుక్కలు 3 వరుసలు, వరుసకు 4. అన్నీ ఎదురు చుక్కలే, అంటే ఒకదాని కింద ఒకటి తిన్నగా రావాలి. రెండు చుక్కల సందులోకి వచ్చే సందు చుక్కలు వద్దు. మధ్యలో 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. సెంటీమీటరే వదిలితే మలుపులు ఇరుక్కుని ఏ గీత ఎటు పోతోందో తెలీదు.

పై వరుసలో మొదటి రెండు చుక్కల మధ్య పెన్సిల్ పెట్టి, రెండో చుక్క కిందుగా ఏటవాలుగా లాగాలి. ఇక సందు దొరికితే ఏటవాలుగా దూరడం, అంచుకొస్తే అక్కడి చుక్కను చుట్టి లోపలికి రావడం, అంతే. చెయ్యి ఎత్తకుండా వేస్తే ఒకే గీత చుక్కలన్నిటినీ చుట్టి మొదటికే వస్తుంది. నాలుగేసి చుక్కల నాలుగు వరుసలు మాత్రం ఇవ్వకండి. అందులో నాలుగు విడి గీతలొస్తాయి, మొదటిది కలవగానే "అయిపోయింది సార్" అంటారు. చెయ్యి తిరిగాక 4 వరుసలు, వరుసకు 5 ఇవ్వండి.

ఎక్కువమంది తప్పేది పాత గీత అడ్డొచ్చినప్పుడు. నేరుగా దాటాల్సింది పోయి పక్కకు తిప్పేస్తారు. సరిచూడాలంటే, అడ్డంగానూ నిలువుగానూ పక్కపక్క చుక్కల మధ్య ఇంటూ గుర్తులు లెక్కపెట్టించండి: 3 వరుసల ముగ్గులో మొత్తం 17. ఎక్కడ లేకపోతే అక్కడే ధ్యాస జారినట్టు. రబ్బరు ఇవ్వొద్దు, కొత్తగా చుక్కలు పెట్టుకోవడమే. ముగ్గంటే ఆడపిల్లల పనని మూలిగే మగపిల్లలు కూడా ఈ 17 లెక్క దగ్గర మెత్తబడతారు.

గోరు తెల్లబడేలా పెన్సిల్ నొక్కుతుంటే పట్టు వదులు చేయమనండి. ఊపిరి లెక్కపెట్టించకండి, ఒకేసారి రెండు పనులు కుదరవు. మార్కులు, పోటీ, గోడకు అంటించడం అసలే వద్దు. పక్కవాడి కాగితం మీదికి చూపు పోయిందంటే మళ్లీ ఒత్తిడే.

రోజూ స్టడీ అవర్ మొదట్లో పది నిమిషాలు చాలు. పరీక్ష రోజున కొత్తగా మొదలుపెట్టకండి. నిద్ర, తిండి మానేసిన పిల్లల్ని మాత్రం ముగ్గుతో సరిపెట్టొద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి.