సిగ్నల్ నిలవని చోట పాత జవాబు చూపడం తప్పా?

నెట్‌వర్క్ తరచూ తెగిపోయే ప్రాంతంలో వాడే యాప్ సర్వర్ నుంచి వచ్చిన జవాబులను ఫోన్‌లోనే క్యాష్ చేసి, అంటే మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టి, చూపిస్తే, పాత సమాచారాన్ని నమ్మి జనం నష్టపోరా అని మీరు అడిగారు. సమాచారం పాతదైనంత మాత్రాన ఎవరూ నష్టపోరు, అది ఎప్పటిదో చెప్పకుండా దాచినప్పుడే నష్టపోతారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ, గజపతి జిల్లా కొండ గ్రామాల్లో జీడిపిక్కలు కొనే వ్యాపారుల యాప్‌లను చూసుకునేవాడిగా నా అభిప్రాయం ఇది.

ఒక వేసవిలో గుమ్మ వైపు సంతకు ఒక కొనుగోలుదారుతో కలిసి వెళ్లాను. ఆయన ఫోన్‌లోని యాప్‌ను నగరంలోని ఒక సంస్థ తయారుచేసింది. పలాస జీడి మార్కెట్ ధర కావాలన్నా, ఏళ్ల తరబడి మారని గ్రామాల జాబితా కావాలన్నా అది ప్రతిసారీ సర్వర్‌నే అడిగేది. సవర మహిళలు తట్టల్లో పిక్కలు తెచ్చి వరుసగా నిలబడ్డారు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ‘బాబూ, పొద్దున్న పర్లాకిమిడిలో ఈ ఫోనులోనే రేటు సూసుకొని బయల్దేరాను గదా, అదైనా సూపించమను దీన్ని’ అన్నాడాయన. చివరకు ఆ ధరనే గుర్తుచేసుకుని, 80 కిలోల బస్తా లెక్కను కాగితం మీద వేసి డబ్బు ఇచ్చేశాడు. ఆయన తలలో నిలిచిన అంకె ఫోన్‌లో నిలవలేదు.

కారణం తర్వాత తెలిసింది. చదవడానికి మాత్రమే ఉద్దేశించిన అభ్యర్థనలను కూడా ఆ సంస్థ, సర్వర్‌కు సమాచారం ఇచ్చేందుకు వాడే పోస్ట్ పద్ధతిలోనే పంపింది. ఆండ్రాయిడ్ యాప్‌లు సర్వర్‌తో మాట్లాడేందుకు ఎక్కువగా వాడే ఓకేహెచ్‌టీటీపీ అనే లైబ్రరీ మామూలుగా గెట్ జవాబులను, అంటే సమాచారం అడిగి తెచ్చుకునే పద్ధతిలో వచ్చినవాటిని మాత్రమే క్యాష్ చేస్తుంది. అది చాలదన్నట్టు, సర్వర్ ప్రతి జవాబుకూ ‘నో-స్టోర్’ (దాచుకోవద్దు) అని తగిలించి పంపుతోంది.

వ్యాపారులు ఆ పని నాకు అప్పగించాక ధరకు సొంత చిరునామా ఇచ్చి గెట్‌కు మార్చాము, జవాబుతోపాటు ఈట్యాగ్, అంటే ఆ జవాబు మారిందో లేదో పోల్చి చూసే గుర్తు, పంపాము. ధర మారకపోతే సర్వర్ 304 (మారలేదు) అనే సంకేతంతో, అసలు సమాచారం లేకుండా, పై వివరాలైన హెడర్లు మాత్రమే పంపి ఊరుకుంటుంది, కాబట్టి బలహీనమైన సిగ్నల్‌లో కూడా పని జరుగుతుంది. సర్వర్ అందకపోతే ఫోన్‌లో ఉన్న ధరనే, ‘ఉదయం 7:10 నాటిది’ అని పక్కనే రాసి చూపిస్తాము. పొరపాటు ఎదురైనప్పుడు పాత జవాబును వాడుకోవచ్చనే సూచన 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5861 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలోనే ఉంది. బయలుదేరే ముందే కావలసినవన్నీ ఫోన్‌లోకి తెచ్చిపెట్టుకోవడం కూడా కొత్త ఆలోచనేమీ కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మహాదేవ్ సత్యనారాయణన్ బృందం 1987లో మొదలుపెట్టిన కోడా ఫైల్ సిస్టమ్, సర్వర్‌లోని ఫైళ్లను ముందే కంప్యూటర్‌లోకి తెచ్చిపెట్టి, ఆ పనే చేసింది. ఇంత పాత విషయాన్ని మన యాప్‌ల తయారీదారులు ఇప్పటికీ అదనపు సౌకర్యంగా లెక్కించడం నాకు మింగుడుపడదు.

సరిహద్దు వారికి ఇంకో తంటా ఉంది. పాతపట్నం దారిలో ఫోన్ కాసేపు ఆంధ్ర టవర్‌ను, కాసేపు ఒడిశా టవర్‌ను పట్టుకుంటుంది. అలా నెట్‌వర్క్ మారి ఐపీ చిరునామా మారితే, సగం వచ్చిన జవాబు అక్కడే ఆగిపోతుంది. సిగ్నల్ గీతలు రేడియో బలాన్ని చెబుతాయే గానీ సర్వర్ అందుతుందో లేదో చెప్పవు. అందువల్ల గీతలను చూసి నిర్ణయించే యాప్ ఇక్కడ పనికిరాదు. తెరవగానే కొత్త వెర్షన్ దించుకుంటే తప్ప ముందుకు పోనివ్వని యాప్‌ల గురించి అసలు మాట్లాడకపోవడమే మేలు.

అయితే అన్నిటినీ క్యాష్‌కు వదలకూడదు. ఖాతాలోని నిల్వను పాత అంకెతో చూపి దాని మీద చెల్లింపు చేయనివ్వడం తప్పే. కొనుగోలు నమోదు సర్వర్‌కు చేరి, జవాబు మాత్రం దారిలో పోతే, మనిషి మళ్లీ నొక్కుతాడు, ఒకే బస్తా రెండుసార్లు లెక్కకు ఎక్కుతుంది. ప్రతి నమోదుకూ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్యను పుట్టించి, ఆ సంఖ్య ముందే వచ్చి ఉంటే సర్వర్ పాత జవాబునే తిరిగి ఇచ్చేలా చేయాలి. పంపవలసిన నమోదులను క్యాష్ డైరెక్టరీలో ఉంచకుండా ఫోన్‌లోని చిన్న డేటాబేస్ అయిన ఎస్‌క్యూలైట్‌లో పెట్టండి, ఎందుకంటే ఫోన్‌లో జాగా తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ క్యాష్ డైరెక్టరీని అడగకుండానే ఖాళీ చేసేస్తుంది.