వెతికినా ఏమీ దొరక్కపోతే ఆ పీహెచ్‌డీ వృథాయేనా?

మీ అమ్మాయి గచ్చిబౌలిలో ఎం.ఎస్సీ ఫిజిక్స్ చదువుతోందనీ, అరుదైన కణ క్షయాల మీద, అంటే ఒక కణం వేరే కణాలుగా విడిపోయే అరుదైన తీరుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోందనీ, ఐదారేళ్లు వెతికినా ఏమీ దొరక్కపోతే ఎలాగనీ అడిగారు. మీ టెన్షన్ నాకు అర్థమైందండీ. మా నాన్నగారూ ఇదే అడిగారు. నేను ఈ ఊళ్లోనే ఆ పని మీద పీహెచ్‌డీ చేశాను. నాకూ ఏమీ దొరకలేదు. డిగ్రీ వచ్చింది, అదీ ఆ దొరకకపోవడాన్ని సరిగ్గా లెక్కగట్టినందుకే.

టౌ అనే కణం ఎలక్ట్రాన్ జాతిదే, దానికంటే దాదాపు 3,500 రెట్లు బరువు. అది మూడు మ్యూవాన్లుగా (ఇవీ ఆ జాతివే, బరువులో ఆ రెంటికీ మధ్యవి) విడిపోవడం ఇప్పుడున్న సిద్ధాంతం ప్రకారం జరగదనే అనుకోవాలి. ఖాయంగా ఒక్కటి కనబడినా కొత్త భౌతికశాస్త్రం కావాల్సిందే. జపాన్‌లోని బెల్, బెల్-2 ప్రయోగాలు కోట్ల టౌలను జల్లెడ పట్టి, అలాంటిది ఉన్నా సుమారు ఐదు కోట్లలో ఒకటికి మించదని తేల్చాయి. అంతకంటే ఎక్కువ జరగాలన్న సిద్ధాంతాలకు ఇక చోటు లేదు. ప్రోటాన్ విషయమూ అంతే. మన పక్కనున్న కోలార్ బంగారు గనుల్లో 1980లలోనే దాని క్షయం కోసం వెతికారు. ఇప్పటికీ ఖాయంగా ఎక్కడా కనబడలేదు. ప్రకృతిలోని బలాలను ఒకటిగా చూపి, ప్రోటాన్ కూడా విడిపోతుందన్న 1974 నాటి ఏకీకరణ సిద్ధాంతం సాదా రూపం నిలబడనిది అందుకే.

అసలు కష్టం వేరే ఉంది. రెండో ఏడాది ఒక రాత్రి నా గ్రాఫ్‌లో టౌ బరువు చుట్టూ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఘటనలు కనిపించాయి. నిద్ర పట్టలేదు. పొద్దున మా గైడ్ గారు చూసి, "ఆ మూడోది మ్యూవానే అని ఎలా తెలుసమ్మా?" అన్నారు. డిటెక్టర్‌లో కణాలు వదిలిన మూడు జాడల్లో నేను రెండింటికే పరీక్ష పెట్టాను, మూడోదానికి మర్చిపోయాను. అవి పయాన్లు, మ్యూవాన్లలా కనబడే వేరే జాతి కణాలు. కణాల బరువును కొలిచే లెక్కలో మ్యూవాన్ 106 మెగా ఎలక్ట్రాన్ వోల్టులైతే పయాన్‌ది 140. చాలాసార్లు డిటెక్టర్‌కు కూడా తేడా తెలియదు. నెల రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది.

ఇది విద్యార్థులకే జరుగుతుందనుకోకండి. యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర కేంద్రం సెర్న్‌లో ఎల్‌హెచ్‌సీబీ అనే ప్రయోగ బృందానికి 2021లో, బి మెసాన్లు అనే కణాలు ఎలక్ట్రాన్లతో పోలిస్తే మ్యూవాన్లుగా తక్కువ విడిపోతున్నట్టు కనిపించింది. సిద్ధాంతం ప్రకారం రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ప్రపంచమంతా సంబరపడింది. 2022 డిసెంబరులో, వేరే కణాలు కొన్ని ఎలక్ట్రాన్ల లెక్కలో కలిసిపోయాయని వాళ్లే చెప్పారు. సవరించాక తేడా పోయింది. ఆ రోజు మా ల్యాబ్‌లో టీలు చల్లారిపోయినా ఎవరూ లేవలేదు. నాకు మాత్రం ఆ బృందం మీద గౌరవం పెరిగింది.

కాబట్టి ఏం దొరుకుతుందని కాదు, తప్పు పట్టుకోవడం ఎవరు నేర్పుతారని చూడమనండి. దీనికోసం ఊరు దాటనక్కర్లేదు, కందిలోని ఐఐటీ హైదరాబాద్ బెల్-2లో భాగస్వామే. ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లి, ఆ పని చేస్తున్న పిల్లలతో కూర్చుని మాట్లాడి రమ్మనండి. వీలైతే మీరూ వెళ్లండి.