ఆ గడియారాన్ని మళ్లీ గోడకు తగిలించండి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా గుర్రంపోడు దగ్గర ఊరు. ఆరెకరాల బత్తాయి తోట ఉంది. అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక హైదరాబాద్ హాస్టల్లో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ రాసింది. సీటు రాలేదు. ఇప్పుడు ఇంట్లోనే చదువుతోంది. రోజంతా తనదే, పుల్ల తీసి పక్కన పెట్టనివ్వడం లేదు. టిక్కుటిక్కు చప్పుడు చదువుకు అడ్డమని గదిలో గోడ గడియారం కూడా తీసేశాం. ట్యాబ్, రెండు ఆన్‌లైన్ కోర్సులు, నాలుగు టెస్ట్ సిరీస్‌లు కొనిచ్చాను. అవసరమైతే ఎకరం అమ్మైనా చదివిస్తానని చెప్పాను. అయినా మార్కులు కదలడం లేదు. రోజుకు 15 గంటలు చదివించే హాస్టల్లో మళ్లీ వేయాలా, ఇంట్లోనే ఉంచాలా? ఏది మేలు?
– ఒక తండ్రి

జవాబు: ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. పంట ఒక్కటే మారుతుంది. మిర్యాలగూడ నుంచైతే వరి, వనపర్తి నుంచైతే పల్లి, మీ వైపు నుంచి బత్తాయి. లోపలి దిగులు మాత్రం అదే: ‘అన్నీ సమకూర్చాను, అయినా రాకపోతే?’ హాస్టలా, ఇల్లా అన్నదానికి కూడా జవాబిస్తాను. ముందు ఆ గోడ గడియారాన్ని ఈ సాయంత్రమే మళ్లీ తగిలించండి.

మీరు బత్తాయి రైతు. పూతకు ముందు తోటను ఏం చేస్తారు? కొన్ని వారాలు నీళ్లు ఆపి బెట్టకు వదులుతారు. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. తెలియనివాళ్లు చూస్తే తోట పోయిందనుకుంటారు. ఆ తర్వాత పాదులు చేసి, ఎరువు వేసి తడి ఇస్తే చెట్టుకు చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. ఏడాది పొడవునా నీళ్లు పారిన చెట్టు పచ్చగా, ఏపుగా ఉంటుంది కానీ పూత అక్కడొకటి ఇక్కడొకటి. ఇంత తెలిసిన మీరు బిడ్డ గదికి మాత్రం తూము ఎత్తేసి వదిలేశారు.

1955లో సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే ఆంగ్లేయుడు ఎకనమిస్ట్ పత్రికలో రాసిన వ్యాసంలో ఒక తీరికగల ముసలావిడ వస్తుంది. మేనకోడలికి పోస్టుకార్డు రాయడానికి ఆవిడకు రోజంతా పడుతుంది. కార్డు వెతకడానికి గంట, కళ్లజోడు వెతకడానికి గంట, పోస్టు డబ్బా దాకా గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి 20 నిమిషాలు. పనున్న మనిషి అదే కార్డును మూడు నిమిషాల్లో ముగిస్తాడు. ఎంత వ్యవధి ఉంటే పని అంతా సాగుతుందని ఆయన ప్రభుత్వ కార్యాలయాలను ఎగతాళి చేశాడు. నాకు మాత్రం ఆ ముసలావిడ లాంగ్‌టర్మ్ పిల్లల గదుల్లో కనిపిస్తూ ఉంటుంది. టైంటేబుల్‌ను స్కేలు పెట్టి రంగురంగుల పెన్నులతో గీయడానికి ఒక పూట. ఏ టెస్ట్ సిరీస్‌తో మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఇంకో పూట. నాలుగు కొనిచ్చారు కదా మరి.

పోయిన ఏడాది దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొచ్చింది. రోజుకు 13 గంటలు చదువుతాడట. మూత్రపిండం పాఠం చాలాసార్లు చదివానన్నాడు. పుస్తకం మూయించి, తెల్ల కాగితం ఇచ్చి, బల్ల మీద గడియారం పెట్టాను. 12 నిమిషాలు. మొదటి నాలుగు నిమిషాలూ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత నెఫ్రాన్ బొమ్మ మొదలుపెట్టి హెన్లీ శిక్యం దగ్గర ఆగిపోయాడు. తలెత్తి నా వైపు చూడలేదు, గడియారం వైపు చూశాడు. అన్నిసార్లు చదివిన పాఠాన్ని ఒక్కసారి కూడా చూడకుండా రాయలేదు, ఎందుకంటే చదవడానికి ఎప్పుడూ ఇంకా సమయం మిగిలే ఉంది. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. గడియారం లేని గదిలో చదువుతున్న మీ అమ్మాయి ఆ మూడు గంటలను మళ్లీ పరీక్ష హాల్లోనే చూస్తుంది.

ఇక 15 గంటల హాస్టల్. ఒకప్పుడు నేనూ పిల్లలను అలాంటి చోట్లకు పంపినవాడినే, ఇప్పుడు పంపడానికి చేయి రావడం లేదు. లెక్క చూడండి. చదువుకు 15 గంటలు పోతే మిగిలేవి తొమ్మిది. అందులో స్నానం, బట్టలు, భోజనం దగ్గర వరస, ఇంటికి ఫోను. నిద్రకు మిగిలేది అయిదారు గంటలు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది గంటలైనా కావాలి, చదివింది మెదడులో కుదురుకునేది కూడా ఆ నిద్రలోనే. నేను పంపిన ఒక అమ్మాయి తిరిగొచ్చి, ‘సార్, రాత్రి స్టడీ అవర్‌లో సగం నిద్ర ఆపుకోవడానికే సరిపోయేది’ అంది. మరి గంటలే ఎందుకు అమ్ముతారు? గంటలు తండ్రికి కనబడతాయి కాబట్టి. పిల్లకు ఎంత వచ్చిందో కనబడదు. అక్కడ సీటు తెచ్చుకున్నవాళ్లు లేరనను, ఉన్నారు. కానీ మీ అమ్మాయి ఒక ఏడాది ఆ మందు తాగి వచ్చింది. అదే మందు రెట్టింపు మోతాదులో పోయమంటున్నారు మీరు.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ‘ఎకరం అమ్మైనా చదివిస్తా’ అని బిడ్డ ముందు అన్నారే, అది త్యాగం కాదన్నా, బెదిరింపు. ఇకమీదట ఆ పిల్ల తప్పు పెట్టిన ప్రతి ప్రశ్నలోనూ ఎన్ని గుంటలు పోయాయో లెక్క వేసుకుంటుంది. తమిళనాడు చెరకు రైతుల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. కోతకు ముందు డబ్బుకు కటకటలాడుతున్నప్పుడు ఆలోచనా పరీక్షల్లో తడబడిన రైతులే, కోత డబ్బులు వచ్చాక మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్లే, తలలో బరువు తగ్గింది. హద్దు పెట్టడం వేరు, కొరత పెట్టడం వేరు. మీరు నీళ్లు ఆపితే అది బెట్ట. బోరే ఎండిపోతే చెట్టు పూయదు, చస్తుంది. మన జిల్లాలో అలా ఎండిన తోటలు మీరూ చూశారు. కాబట్టి భూమి సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎత్తకండి.

హద్దులు చిన్నవే. రోజుకు ఏడు గంటలు, 50 నిమిషాల ముక్కలుగా. ప్రతి ముక్క చివర పుస్తకం మూసి ఒక తెల్ల కాగితం. నాలుగు టెస్ట్ సిరీస్‌ల్లో ఒకటి ఉంచి మూడు పక్కన పెట్టాలి. ఏది ఉంచాలో తనే తేల్చుకుంటుంది, మీరు కాదు. సాయంత్రం గంటసేపు తోటలోకి పంపండి, కాయ కోతలప్పుడైతే ఇంకో గంట. పాఠాల గడువులు వారం వారం రాసి మీకో, వాళ్లమ్మకో చూపించాలి. అమెరికాలో ఎం.ఐ.టి.లో ఇలా చూశారు, 2002లో ప్రచురించారు. ఒక తరగతికి మూడు వ్యాసాలకు గడువులను సమంగా పంచి ఇచ్చారు, ఇంకో తరగతిని మీ ఇష్టం అన్నారు. మొదటి తరగతికే ఎక్కువ మార్కులు వచ్చాయి. తమ ఇష్టానికి వదిలినా, మధ్యమధ్య గడువులు పెట్టుకున్నవాళ్లు ఏమీ వెనకబడలేదు. అన్నింటినీ చివరి రోజుకు తోసినవాళ్లే దెబ్బతిన్నారు.

అన్నింటికన్నా పెద్ద హద్దు ఇంకోటి ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లకు మించి రాయనివ్వరు. నీట్‌కు అలాంటి పరిమితి లేదు, 2022 నుంచి గరిష్ఠ వయసు కూడా లేదు. పిల్లలకు మేలని తలుపు తెరిచి ఉంచారు. ఆ తలుపు దగ్గరే నాలుగేళ్లు నిలబడినవాళ్లు నాకు తెలుసు. ఈసారితో ఆపుదామని ఇద్దరూ కూర్చుని అనుకోండి. వినడానికి కఠినంగా ఉంటుంది. నేను చూసినంతలో, ఆ మాట అనుకున్న రాత్రి పిల్లలు నిద్రపోతారు.

ఎంసెట్‌కు, ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు లెండి, అగ్రికల్చర్ విభాగంలో దరఖాస్తు చేయించండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ కళాశాల ఉంది, వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. బత్తాయి తోటలో పెరిగిన పిల్ల అక్కడ వెనకబడదు. అది ఓడిపోయినవాళ్లు వెళ్లే చోటు కాదు. మీకు అలా అనిపిస్తే అది మీ సమస్య, ఆ పిల్లది కాదు.

హాస్టలా, ఇల్లా అన్నారు. ఇల్లే. ఇంట్లో బడి వాతావరణం లేదనిపిస్తే నల్గొండలో వారానికి ఒకరోజు పరీక్ష రాయించే చోటు చూడండి, అది చాలు.

ఆరు వారాలు గడిచాక బత్తాయి లోడుతో మార్కెట్‌కు వచ్చిన రోజున అమ్మాయిని నా దగ్గరికి తీసుకురండి. ఆ తెల్ల కాగితాలన్నీ తెమ్మనండి, బాగా రానివి కూడా. మీరు మాత్రం బయట బెంచీ మీద కూర్చోవాలి.