డయాలసిస్ మొదలై సంపాదన ఆగితే ఇంటి లోన్ సంగతేంటి? మా అన్నయ్య విషయంలో జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ, కంచిలి దగ్గర ఊరు, నాన్నగారికి డయాలసిస్ మొదలై పని మానేశారు, ఇంటి లోన్ ఈఎంఐలు రెండు పోయాయి, బ్యాంకుకెళ్లి జబ్బు సంగతి చెప్తే కొన్నాళ్లు ఆపుతారా, లేకపోతే ఇల్లు తీసేసుకుంటారా అని. మాది సోంపేట సైడు. మా అన్నయ్యకి సరిగ్గా ఇదే జరిగింది, బ్యాంకుల చుట్టూ తిరిగింది నేనూ మా వదినా కాబట్టి తెలిసింది రాస్తున్నాను, నేను బ్యాంకు ఉద్యోగిని కాదు లాయర్నీ కాదు.

అన్నయ్యది సొంత ట్రాలీ. పలాస ఫ్యాక్టరీలకి జీడిపిక్కలు, కవిటి నుంచి కొబ్బరికాయలు తోలేవాడు. కిడ్నీ పోయిందని తేలాక వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగ్గంటలు, ఆ రోజు ఇంకేం పని చేయలేడు, మర్నాడు లేచి కూర్చుంటే గొప్ప. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) పోతుంది, నెలకి 10,000 పెన్షన్ కూడా వస్తుంది, కానీ ఇల్లు గడవడం వేరు ఈఎంఐ వేరు కదా. అప్పటికి మూడు అప్పులున్నాయి. ఇంటి లోన్ ఒక గవర్నమెంటు బ్యాంకులో, ట్రాలీ లోన్ ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో, వదిన పేరు మీద డ్వాక్రా లోన్. ముగ్గురూ మూడు రకాలుగా ఉన్నారు.

బ్యాంకులో మనుషులు చెడ్డోళ్లని నేను అనను. మేనేజర్ కుర్చీ వేయించి మంచినీళ్లిప్పించి "ఈ వయసుకే ఏటండీ ఇది" అని నిజంగానే బాధపడ్డాడు. కానీ ఆయన బాధపడితే కంప్యూటర్ ఆగదు, దానికి రోజులు లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు. బాకీ పడి 30 రోజుల వరకు ఒక రకం, 60 వరకు ఇంకో రకం, 60 దాటితే మూడో రకం, వీటిని వాళ్లు ఎస్ఎంఏ (కన్నేసి ఉంచాల్సిన ఖాతా) అంటారు, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. అక్కడ బటన్ ఎవరూ నొక్కక్కర్లేదు, దానంతటదే పడిపోద్ది. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒకటో రెండో ఈఎంఐలు కట్టేస్తే పైకి రాదు, పాత బాకీ వడ్డీతో సహా మొత్తం కడితేనే మళ్లీ మామూలు అకౌంట్ అవుద్ది, 2021 నవంబర్‌లో ఆర్బీఐ ఈ విషయం స్పష్టంగా చెప్పింది. అందుకే 89వ రోజుకీ 91వ రోజుకీ చాలా తేడా. మొత్తం కట్టలేకపోయినా అన్నిటికంటే పాత ఈఎంఐ ఒక్కటి కట్టుకుంటూ వస్తే ఆ గీత దాటకుండా లాగొచ్చు. మేం కొన్ని నెలలు అలాగే లాగాం.

ఇక మీరడిగిన ఆపడం గురించి. ఇది నాకు అర్థం కావడానికి టైం పట్టింది, ఎవరూ విడమర్చి చెప్పరు కూడా. తుఫాను వస్తే లోన్లు వాయిదా వెయ్యడానికి ఆర్బీఐ దగ్గర ఎప్పట్నుంచో రూల్ ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మన కొబ్బరీ జీడీ ఊడ్చేసిందే, అలాంటివి ప్రకృతి వైపరీత్యం లెక్కలోకి వస్తాయి, అప్పుడు గడువు పెంచినా అకౌంట్ మంచిదిగానే ఉంటుంది. 2020లో కరోనాకి ఆరు నెలల మారటోరియం, అంటే ఈఎంఐలు ఆపుకునే వీలు ఇచ్చారు (వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది). కానీ ఒక ఇంట్లో ఒక మనిషికి కిడ్నీ పోతే దానికి అలాంటి రూల్ లేదు. కట్టలేకపోతున్నాడని బ్యాంకు గడువు పెంచినా ఈఎంఐ తగ్గించినా రూల్ ప్రకారం ఆ అకౌంట్‌ని వెంటనే ఎన్‌పీఏలో వేయాలి. మేనేజర్లు "చూద్దాం చూద్దాం" అని నాన్చేది అందుకే, మనమీద కోపం కాదు, రాసిచ్చిన మరుక్షణం వాళ్ల బ్రాంచి లెక్కలో మచ్చ పడుతుంది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మన ఉద్దానంలో (కంచిలి, సోంపేట, కవిటి వైపు) వీధికి ఎంతమంది డయాలసిస్‌కి వెళ్తున్నారో మనకి తెలుసు, తుఫాను కంటే తక్కువ నష్టమా ఇది? అయినా బ్యాంకు పుస్తకాల్లో ఎవరికి వాళ్లు విడివిడి డిఫాల్టర్లే. నాకైతే ఇది అన్యాయమనే అనిపిస్తుంది, ఎమ్మెల్యేలూ ఎంపీలూ హాస్పిటల్ గురించి మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడరు.

మరి వెళ్లడం దండగా అంటే కాదు, కచ్చితంగా వెళ్లండి, కానీ కాగితంతో వెళ్లండి. మా వదిన డ్వాక్రా గ్రూపులో పుస్తకాలు రాస్తుంది, ఆవిడకి ఈ తెలివి మొదట్నుంచీ ఉంది. జబ్బు ఎప్పుడు తేలింది, పని ఎప్పుడు ఆగింది, ఇప్పుడు నెలకి ఎంత కట్టగలం, ఎప్పటికి సర్దుకుంటాం, ఇవన్నీ ఒక పేజీలో రాసి డయాలసిస్ కార్డు జిరాక్సు, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి ఇస్తే మేనేజర్ "ఇవన్నీ ఎందుకమ్మా, నాకు చెప్పారు కదా" అన్నాడు. వదిన కదల్లేదు, "మా గ్రూపులో తీర్మానం రాస్తేనే కదా సార్ మీరు లోన్ ఇచ్చినారు, ఇదీ అలగే, ముట్టినట్టు స్టాంపు ఏసీసి ఇయ్యండి" అంది. ఏసి ఇచ్చాడు. వేసవిలో ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది, కొత్తాయనకి మా మొహాలే తెలీవు, వచ్చీరాగానే రికవరీ లిస్టు పట్టుకుని ఇంటికొచ్చారు, అప్పుడు ఆ స్టాంపు కాగితం ఒక్కటే మా తరఫున మాట్లాడింది. అప్పట్నుంచి ఇంటికి రావడం ఆగింది, నెలనెలా కట్టగలిగింది తీసుకున్నారు.

ఇంకోటి చాలా జాగ్రత్త. చుట్టాలు వైద్యానికని పంపిన డబ్బులు ఏ అకౌంట్ నుంచి ఈఎంఐ కట్ అవుతుందో అదే అకౌంట్లో వేయించుకోకండి. మాకు మేనమామ వేసిన డబ్బు వేసిన రోజే బ్యాంకు లాగేసుకుంది, అడిగితే ఆటో డెబిట్ మీరే సంతకం పెట్టారు కదా అన్నారు, అదీ నిజమే. వేరే బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి వైద్యం డబ్బులు అందులో పెట్టుకోండి. పెన్షన్ ఎలాగూ ఇంటికొచ్చి చేతికిస్తారు కాబట్టి దానికి ఈ గొడవ లేదు. ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ బౌన్స్ అయితే అటు బ్యాంకూ ఇటు లోన్ ఇచ్చినోళ్లూ ఇద్దరూ ఛార్జీ వేస్తారు, స్టేట్‌మెంట్ తీసి చూడండి. 2024 నుంచి లేటు ఛార్జీని వడ్డీ రేటులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు అని రూల్ వచ్చింది, అలా వేసుంటే రాసి అడగండి.

ఫైనాన్స్ వాళ్ల సంగతి వేరు. డయాలసిస్ బెడ్ మీద ఉన్నప్పుడు ఫోను, రాత్రి తొమ్మిదికి ఫోను, ఎదురింటోళ్లకి కూడా ఫోను చేసి చెప్పారు. రికవరీ వాళ్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, అప్పు సంగతి పక్కవాళ్లకి చెప్పి పరువు తియ్యకూడదు, ఆర్బీఐ రూల్ ఇది. కండబలంతో బండి లాక్కెళ్లకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా ఆర్బీఐ ఓంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు, 14448కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. మేం కంప్లైంట్ పెట్టాక రాత్రి ఫోన్లు ఆగాయి, బాకీ మాత్రం ఆగలేదు. అందుకే అన్నయ్యే తెగించి బండి అమ్మేద్దాం అన్నాడు, వాళ్లు పట్టుకెళ్లి వేలం వేస్తే ఎంతకి పోతుందో తెలీదు, తక్కువకి పోతే మిగిలిన బాకీ మళ్లీ మన మీదే. టెక్కలిలో కొనే మనిషిని చూసి, అతన్నే నేరుగా ఫైనాన్స్‌కి కట్టించి ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదనే కాగితం) తీసుకుని, మిగిలిన డబ్బు ఇంటి లోన్ పాత బాకీలో వేశాం. బండి వెళ్లిన రోజు అన్నయ్య అన్నం తినలేదు, ఆ సంగతి వదిలేద్దాం.

డ్వాక్రాలో మొదటి రెండు నెలలు గ్రూపు వాళ్లే వదిన వాటా కలిపి కట్టేశారు, తర్వాత మెల్లగా మాటలు మొదలయ్యాయి, వాళ్లనీ అనలేం, ఒకరు తప్పితే అందరికీ సున్నా వడ్డీ పోతుందని భయం. వదిన పొదుపు డబ్బుల్లోంచి సర్దేసింది. చుట్టాలు బంగారం పెట్టి అన్నీ కట్టేయమన్నారు, నేనైతే వద్దంటాను, సంపాదన తిరిగొచ్చే దారి కనపడకుండా ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తే వడ్డీలు కట్టడానికే సరిపోద్ది.

ఇన్సూరెన్స్ కూడా ఒకసారి చూడండి. ఇంటి లోన్‌తో పాటు అంటగట్టే పాలసీ చాలావరకు మనిషి పోతేనే ఇస్తుంది, ఏడాదికి 436 కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి కూడా అంతే. కానీ బాండ్‌లో క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్రమైన జబ్బు) అని ఉంటే రెగ్యులర్ డయాలసిస్ కావాల్సిన కిడ్నీ ఫెయిల్యూర్ అందులోకి వస్తుంది, వదలకండి. నాన్నగారు ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్న ఫ్యాక్టరీలో చేసుంటే కిడ్నీ జబ్బుకి పొడిగించిన సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు కాలానికి ఇచ్చే డబ్బు) ఉంది, జీతంలో 80 శాతం, రెండేళ్ల దాకా. పీఎఫ్ ఉంటే వైద్యానికి అడ్వాన్స్ తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు.

ఇల్లు తీసేసుకోవడం రేపటికి రేపు జరిగేది కాదు, కంగారు పడకండి. ఎన్‌పీఏ అయ్యాక సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు ఇవ్వాలి, దానికి మీరు జవాబు రాస్తే బ్యాంకు 15 రోజుల్లో సమాధానం చెప్పి తీరాలి, ఆ తర్వాత స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో విశాఖపట్నంలో డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లొచ్చు. నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపించడం మనోళ్లకి అలవాటు, దానివల్ల ఒరిగేదేం లేదు. వన్ టైం సెటిల్‌మెంట్ (కొంత తగ్గించి ఒకేసారి కట్టి బాకీ ముగించుకోవడం) అడగొచ్చు కానీ అది హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, బ్యాంకు ఇష్టం.

మా దాంట్లో బండి డబ్బుతో బాకీ మొత్తం తీరి అకౌంట్ రెగ్యులర్ అయింది, ఆ తర్వాత పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తున్న అన్నయ్య కొడుకుని కో-అప్లికెంట్‌గా చేర్చి గడువు పెంచమని అడిగితే, అప్పటికి బాకీ లేదు, కట్టే సంపాదనా ఉంది కాబట్టి అదే బ్యాంకు ఒప్పుకుంది, ఈఎంఐ తగ్గింది, కట్టాల్సిన ఏళ్లు పెరిగాయి. మీకూ ఉద్యోగం ఉంటే ఈ దారి ఆలోచించండి, కానీ సంతకం పెట్టాక బాకీకి మీరూ నాన్నగారితో సమానంగా బాధ్యులవుతారు, ఇంట్లో అందరితో మాట్లాడాకే పెట్టండి.

రెండు ఈఎంఐలు పోయాయన్నారు కదా, మొదటిది ఏ తారీఖుకి కట్ అవ్వాల్సింది? అది చెప్పండి, 90 రోజులకి ఇంకా ఎంత టైం ఉందో లెక్కేసి చెప్తాను. లెటర్ నమూనా కావాలన్నా వదిన రాసింది ఉంది, పేర్లు తీసేసి పెడతాను.