వణుకు ఒక్కటే రాస్తే సరిపోదు

తమ్ముడూ,

మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గి కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. శైలి బాగుంది. కానీ మొదటి పేజీ నుంచి చివరిదాకా చేతుల వణుకే. మలబద్ధకం గురించి రాయడానికి మొహమాటపడ్డావా? ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే దాన్నీ, నోట్లోంచి కారే చొంగనీ దాచకుండా రాశాడు. అన్నట్టు, చొంగ కారేది లాలాజలం ఎక్కువ ఊరడం వల్ల కాదు, మింగడం తగ్గిపోవడం వల్ల. అక్కడ దిద్దుకో.

కడుపు కదలికలకు మెదడు నుంచి ఆదేశాలు తెచ్చేది వేగస్ నరం. ఈ రోగుల మెదడు కాండంలో ఆ నరం మొదలయ్యే చోటే 1912లో ఫ్రెడరిక్ లెవీ అనే డాక్టరు కొన్ని ముద్దలు చూశాడు. వాటిలో పేరుకునేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ అని 1997లో తేలింది. పేగు గోడల్లోని నరాల్లోనూ అది కనిపిస్తుంది. వణుకు రావడానికి ఏళ్ల ముందే కొందరికి మలబద్ధకం మొదలయ్యేది అందుకే అంటారు. జబ్బు పేగుల్లో మొదలై వేగస్ వెంట పైకి పాకుతుందేమోనని 2003లో హైకో బ్రాక్ బృందం ప్రతిపాదించింది. నువ్వు 'రుజువైంది' అని రాసేశావు. ఆ మాట కొట్టెయ్. మలబద్ధకం ఉన్నవాళ్లందరికీ టెన్షన్ పుట్టించకు.

ఇక భోజనం వేళ ఒక రోగి ఇంట్లో కాసేపు కూర్చో. ఈ జబ్బుకు ఇచ్చే, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా మాత్ర చిన్నపేగు చేరితేగానీ రక్తంలోకి ఎక్కదు. కడుపు నిదానంగా ఖాళీ అయితే మాత్ర అక్కడే ఉండిపోతుంది. ముద్దపప్పో గుడ్డో తిని వెంటనే వేసుకుంటే, ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలూ మందూ ఒకే బస్సు తలుపు దగ్గర తోసుకునే జనంలా పోటీపడతాయి. భోజనానికి అరగంట ముందే వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. టిఫిన్‌తో పాటు ఎనిమిదికి మాత్ర వేసుకున్న పెద్దాయన తొమ్మిదైనా కుర్చీలోంచి లేవలేడు. 'మందు పనిచేయట్లేదు' అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆ గంటసేపు ఏం జరిగిందో రాయి, నీ మూడు పేజీల వణుకు కన్నా ఎక్కువ చెబుతుంది.

వాంతులకు మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమిన్‌ను అడ్డుకుని ఈ జబ్బు లక్షణాల్ని పెంచుతుంది. ఈ ముక్క తప్పకుండా చేర్చు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. అయినా, పొడి కొట్టుకుని వాడొచ్చన్నట్టు రాసిన ఆ పేరా తీసెయ్. ఏ చెంచాలో ఎంత మందు వెళ్తుందో ఎవరికి తెలుసు?

సవరించాక నాకు పంపకు. ముందు ఒక న్యూరాలజిస్టుకి చూపించు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య